ఒకే మాట ఇద్దరికి
(రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి జీవితం)

జగ్గయ్యపేట పేరు వినగానే ఆ ఊరిని ఎవరో జగ్గయ్య కట్టించి ఉంటాడని అనుకుంటాం. కట్టించింది జగ్గయ్య కాదు, ఆయన కొడుకు. పాత పేరు బేతవోలు. ఆ బేతవోలు దగ్గర పేట కట్టించి, దానికి తండ్రి పేరు పెట్టుకున్నవాడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. కృష్ణకి అవతల ఉన్న అచ్చంపేటకి తల్లి అచ్చమ్మ పేరు పెట్టాడని అంటారు. నదికి ఈ ఒడ్డున నాన్న, ఆ ఒడ్డున అమ్మ.

మన మైలవరం కాలేజీలో జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి వచ్చేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మా ఊళ్ళన్నీ ఒకప్పుడు ఆయన జమీలోవే. నందిగామ పరగణా వాసిరెడ్డి వారి చేతిలో ఉండేది. అయినా ఆయన గురించి మాకు తెలిసింది రెండే ముక్కలు: గొప్ప దాత, అమరావతి కట్టించాడు. ఈ సంచికకి వ్యక్తిత్వం, దగ్గరి బంధాలు అనే అంశం ఇచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయనే. దానికి కారణం ఆయన దాతృత్వం కాదు. ఆయన పోయాక 30 ఏళ్ళు ఆయన ఇంట్లో వాళ్ళు కోర్టుల్లో కొట్లాడుకున్నారు. ఊరందరికీ అంత చేసిన మనిషి సొంత ఇంటికి ఆ గతి ఎందుకు పట్టించాడు? నాకు ఈ ప్రశ్న చరిత్ర మీద ఆసక్తితో మాత్రమే రాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముఖాలు గుర్తులేని అమ్మా నాన్నా

వెంకటాద్రి నాయుడు 1761లో పుట్టాడు. తండ్రి జగ్గన్న, తల్లి అచ్చమ్మ. అప్పట్లో మన ప్రాంతం పరిస్థితి ఎలా ఉండేదంటే, పైన నిజాం, పక్కన ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, మధ్యలో జమీందార్లు. ఎవరికి శిస్తు కట్టాలో, ఎవరికి కడితే ఎవరికి కోపమొస్తుందో తేల్చుకోవడమే పెద్ద విద్య. ఆ గొడవల్లోనే జగ్గన్న ప్రాణం పోయిందని, అచ్చమ్మ సహగమనం చేసిందని ఆ వంశం కథ చెప్పేవాళ్ళు చెబుతారు. అప్పటికి పిల్లవాడు బాగా చిన్నవాడు. తండ్రి తోడబుట్టిన రామన్న జమీ వ్యవహారాలు చూసుకుంటూ ఆ పిల్లవాణ్ణి పెంచాడు.

1783లో జమీ వెంకటాద్రి చేతికొచ్చింది. వయసు 22. అంటే మన ఫైనలియర్ కుర్రాళ్ళ వయసు. మనం ప్లేస్‌మెంట్ల గురించి కంగారు పడే వయసులో ఆయన కిందికి వందల ఊళ్ళు వచ్చాయి. కృష్ణకి ఉత్తరాన ఉన్న కొండపల్లి సర్కారు అప్పటికే కంపెనీ చేతిలో ఉంది. దక్షిణాన గుంటూరు సర్కారు 1788లో కంపెనీకి వచ్చింది. ఈయన జమీ రెండు వైపులా ఉంది కాబట్టి, మొదటి అయిదేళ్ళు ఇద్దరు దొరల కింద ఒక్క జమీందారు.

పేటలకి పేర్లు పెట్టడం గురించి నాకు అనిపించేది ఒకటుంది. అమ్మానాన్నలతో కలిసి పెరిగినవాడు వాళ్ళతో పోట్లాడతాడు, అలుగుతాడు, మళ్ళీ అన్నానికి వస్తాడు. దగ్గరివాళ్ళతో తేడా వచ్చినప్పుడు తెగ్గొట్టుకోకుండా సర్దుకోవడం అలాగే అలవాటవుతుంది. ఈయనకి ఆ అవకాశం లేదు. ఆయనకి తల్లిదండ్రులు కథల్లోనే దొరికారు. కథల్లో ఉన్నవాళ్ళకి గుళ్ళు కట్టొచ్చు, ఊళ్ళకి పేర్లు పెట్టొచ్చు, ఎంతైనా గౌరవించొచ్చు. కానీ వాళ్ళతో రాజీపడటం నేర్చుకోలేం.

తెలుగులో స్వభావానికి ఎన్ని మాటలు

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. 1936లో అమెరికాలో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని, మనుషుల తీరు చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18,000 తేలాయి. తర్వాత వచ్చినవాళ్ళు ఆ దారిలోనే వాటిని వడకట్టి వడకట్టి చివరికి అయిదు కుప్పలు చేశారు. కొత్తదనం మీద మక్కువ, పద్ధతిగా ఉండటం, కలివిడితనం, మెత్తదనం, మనసు త్వరగా కలతపడటం. బిగ్ ఫైవ్ అంటారు. ఇప్పుడు ఉద్యోగాల ఆన్‌లైన్ పరీక్షల్లో కొన్ని కంపెనీలు మనల్ని నింపమనే ఆ పొడుగాటి ప్రశ్నలు చాలావరకు ఈ కుప్పల్లోంచి వచ్చినవే.

ఆ పని తెలుగులో చేస్తే ఎన్ని తేలతాయో గానీ, మా ఇంట్లో రోజూ వినిపించేవే బోలెడు. ముక్కు మీద కోపం, నోటి దురుసు, పట్టింపు, పంతం, మొహమాటం, గుంభనం, చేతికి ఎముక లేకపోవడం, మనసులో పెట్టుకోవడం. వీటిలో చాలావరకు ఒక్కడే ఉన్నప్పుడు బయటపడేవి కావు. ముక్కు మీద కోపం ఉన్నవాడు ఒంటరిగా కూర్చుంటే మామూలు మనిషే. ఎదురుగా ఇంకొకరు ఉండాలి. మొహమాటానికి కూడా ఎదుటి మనిషి కావాలి. కాబట్టి ఒకరి స్వభావం అనేది సగం వాళ్ళ దగ్గర, సగం వాళ్ళతో బతికేవాళ్ళ దగ్గర ఉంటుందనుకోవచ్చు.

వెంకటాద్రి నాయుడిలో నాకు మూడు కనిపిస్తాయి. కోపం వస్తే హద్దు ఉండదు. ఇవ్వడానికి హద్దు ఉండదు. మనసు విరిగిన చోట నిలబడి బాగుచేసుకోడు, వదిలేసి ఇంకో చోట కొత్తగా మొదలుపెడతాడు. మూడోది మాత్రం పూర్తిగా నా లెక్క. ఒప్పుకోవాలో వద్దో చదివాక మీరే తేల్చండి.

నరుకుళ్ళపాడు

అమరావతి దగ్గర నరుకుళ్ళపాడు అనే ఊరుంది. ఆ పేరు వెనక ఉన్న కథ ఆ ప్రాంతంలో పిల్లలకి కూడా తెలుసు. చెంచులు జమీ ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారని రాజావారికి ఫిర్యాదులొచ్చాయి. ఆయన వాళ్ళని విందుకని పిలిపించాడు. నమ్మి వచ్చిన 150 మందిని వరసగా నిలబెట్టి నరికించాడు. ఇదీ కథ.

ఆ తర్వాత ఆయనకి అన్నం సహించలేదని, విస్తట్లో మెతుకులు పురుగుల్లా కనిపించేవని చెబుతారు. గురువుల సలహా మీద అమరేశ్వరుణ్ణి ఆశ్రయించి, శేషజీవితం దానధర్మాలకీ గుళ్ళకీ ఇచ్చేశాడని ముగిస్తారు. కథని చెప్పేవాళ్ళు ఎక్కువగా ఈ పశ్చాత్తాపం మీదే ఆగుతారు. నాకు మాత్రం ఆ 150 మంది ఇళ్ళు గుర్తొస్తాయి. రాజుగారి విస్తట్లో పురుగుల గురించి కథ మిగిలింది. చెంచుల ఇళ్ళలో ఆ రాత్రి అన్నం ఎవరు వండారో చెప్పే కథ మిగల్లేదు. చేసినవాడి బాధ ఎంత పెద్దదైనా, పడినవాడి బాధ దానికి కింద వరసలోకి పోకూడదు. ఇళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. కోపిష్టి మనిషి అరిచి, తర్వాత కుమిలిపోతే, ఇంట్లోవాళ్ళంతా ఆయన్ని ఓదార్చడంలో పడతారు. తిట్లు తిన్నవాళ్ళని అడిగేవాళ్ళు ఉండరు.

ఆయన చింతపల్లి వదిలి అమరావతికి మారడానికి ఇంకో కారణం కూడా చెబుతారు. చింతపల్లిలో కంపెనీ తన సిపాయిలని తెచ్చి పెట్టిందట. తన కోట ముందు ఇంకొకరి తుపాకులు. ఆ అవమానం పడలేక తరతరాల కోటని వదిలేసి కృష్ణ ఒడ్డునే కొత్త రాజధాని మొదలుపెట్టాడంటారు. కారణం చెంచులైనా, కంపెనీ అయినా, చేసిన పని ఒకటే. మనసు విరిగింది, మకాం మారింది.

రాళ్ళు, గోపురాలు

1790ల్లో అమరావతి కట్టడం మొదలైంది. వర్తకుల్ని, బ్రాహ్మల్ని, పనివాళ్ళని పిలిచి ఇళ్ళ స్థలాలిచ్చాడు. ఊరికి రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అని ఒక మట్టి దిబ్బ ఉంది. తవ్వితే తెల్లటి చలువరాతి పలకలు, వాటి మీద బొమ్మలు బయటపడ్డాయి. ఈ వార్త విని 1798లో కల్నల్ కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. అప్పటికి ఆయన ఇంకా కల్నల్ కాలేదు, సర్వేలు చేసే సైనిక ఇంజనీరు. తర్వాత 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన చూసింది రెండు వేల ఏళ్ళ నాటి మహాస్తూపం. రాజావారి పనివాళ్ళకి అది రాతి గని. ఎన్నో పలకలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి. మిగిలినవి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలికే. కానీ అప్పటికి ఆ దిబ్బ ఏమిటో చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. నేను చూసేది వేరే సంగతి. కొత్తది కట్టాలన్న తొందరలో కాళ్ళ కింద ఉన్న పాతదాన్ని ఏమిటని ఆగి చూడకపోవడం ఆయన తీరు.

విచిత్రంగా, ఆయన నాన్న పేరున్న జగ్గయ్యపేటలో కూడా ఒక స్తూపం ఉంది. ధనం బోడు అంటారు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. అక్కడ దొరికిన పలకల్లో ప్రసిద్ధమైనది మాంధాత చక్రవర్తి బొమ్మ. చక్రవర్తి చెయ్యెత్తితే ఆకాశంలోంచి నాణేలు వానలా కురుస్తుంటాయి. వెంకటాద్రి నాయుడు ఆ బొమ్మ చూసి ఉండడు, ఆయన పోయిన 66 ఏళ్ళకి గానీ అది బయటికి రాలేదు. చూసి ఉంటే తన బొమ్మే అనుకునేవాడు. బంగారంతో తులాభారం తూగాడని, యాత్రల్లో దారి పొడుగునా పంచుకుంటూ వెళ్ళాడని చెప్పుకుంటారు. దేవీభాగవతాన్ని తెలుగు చేసిన ములుగు పాపయారాధ్యులు ఆయనకి గురువు. అమరావతిలో, చేబ్రోలులో, మంగళగిరిలో ఆయన చేయించిన పనులు ఇప్పటికీ కళ్ళెదుట ఉన్నాయి. మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి తూర్పు గోపురం 11 అంతస్తులు, 153 అడుగులు. 1807-09 మధ్య కట్టించాడు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళేటప్పుడు బస్సులోంచి దూరం నుంచే కనిపించేది అదే.

అడిగినవాళ్ళకి లేదనని మనిషి. మన జిల్లాలో ఆయన పేరు ఇంకా నిలబడిందంటే అందుకే. బయటివాళ్ళ విషయంలో ఈ గుణం బంగారం. అడిగినవాడు పుచ్చుకుని వెళ్ళిపోతాడు. రేపు ఇంకొకడు వస్తాడు. ఇద్దరూ ఒకే వస్తువు అడగరు, ఒకే గుమ్మంలో ఉండరు. ఇంట్లో మాత్రం లెక్క మారుతుంది.

ఇద్దరు దత్తపుత్రులు

వెంకటాద్రి నాయుడికి కడుపున పుట్టిన కొడుకులు లేరు. జగన్నాథబాబుని దత్తత తీసుకున్నాడు. అంతటితో జమీకి వారసుడు దొరికినట్టే. కానీ జగన్నాథబాబు ఉండగానే రామనాథబాబుని కూడా దత్తత తీసుకున్నాడు. ఒక్క ఇంట్లో ఇద్దరు బాబులు. ఇద్దరికీ కొడుకు అనే మాట ఇచ్చాడు.

1816లో రాజావారు పోయారు. అదే ఏడు మెకంజీ మళ్ళీ అమరావతి వచ్చాడు, స్తూపం బొమ్మలు గీయించడానికి. పరాయివాళ్ళు ఊళ్ళో రాళ్ళ లెక్క రాసుకుంటుంటే, ఇంట్లో ఆస్తి లెక్క మొదలైంది. జమీ ఎవరిది? పెద్ద దత్తుడిదా, ఇద్దరిదీనా? దావా పడింది. కింది కోర్టులు, మద్రాసు సదర్ అదాలత్, అక్కడి నుంచి సముద్రం దాటి లండన్‌లో ప్రివీ కౌన్సిల్. ఈలోపు జగన్నాథబాబు కూడా పోయాడు. పోరు ఆగలేదు. 1846లో తుది తీర్పు వచ్చేసరికి ఆ కేసు పేరే రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ. లా చదివేవాళ్ళు ఇప్పటికీ ఆ పేరుతోనే దాన్ని చదువుతారు. వెంకటాద్రి తల్లి పేరు ఒక పేటకి మిగిలితే, అదే పేరున్న ఇంకో స్త్రీ పేరు ఒక వ్యాజ్యానికి మిగిలింది.

తీర్పు సారాంశం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఒక దత్తపుత్రుడు బతికి ఉండగా ఇంకొకణ్ణి దత్తత తీసుకోవడం చెల్లదు. అంటే రామనాథబాబుకి ఇచ్చిన కొడుకు అనే మాట, ఇచ్చినాయన పోయిన 30 ఏళ్ళకి, ఏడు సముద్రాల అవతల, కొట్టివేయబడింది. 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టంలో కూడా ఈ నియమమే ఉంది. కొడుకు ఉంటే, దత్తుడైనా సరే, ఇంకో కొడుకుని దత్తత తీసుకోకూడదు. మన జగ్గయ్యపేట, నందిగామల జమీందారు ఇంటి గొడవ దేశమంతటికీ సూత్రమైంది.

ఆ 30 ఏళ్ళలో ఇంకా ఏం జరిగిందో చూడండి. 1802లో శాశ్వత పరిష్కారం వచ్చాక జమీందారు ఏటా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు ఖాయమైపోయింది. పంట పండినా పండకపోయినా కట్టాలి. కడితేనే జమీ. 1832-33లో నందన కరువొచ్చింది. డొక్కల కరువని కూడా అంటారు. గుంటూరు సీమలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అలాంటప్పుడు ఒక్క తాటి మీద నిలబడాల్సిన ఇల్లు రెండుగా చీలి వకీళ్ళ చుట్టూ తిరుగుతోంది. తీర్పు వచ్చేనాటికి పంచుకోవడానికి పాత వైభవం మిగల్లేదు. బాకీలు పెరిగి గుంటూరు సీమ జమీలు ఒక్కొక్కటే సర్కారు చేతిలోకి పోయాయి.

కోపం కాదు, మొహమాటం

ఇప్పుడు నా లెక్క. ఇంట్లో బంధాలు పాడవడానికి కారణం ఏమిటంటే అందరం కోపం వైపే వేలు చూపిస్తాం. పరిశోధనలు కూడా ఆ అయిదు కుప్పల్లో దగ్గరి బంధాలకి ఎక్కువ చేటు చేసేది మనసు త్వరగా కలతపడే గుణమనే చెబుతున్నాయి. అది నిజమే. కానీ వెంకటాద్రి నాయుడి ఇంటిని కూల్చింది ఆయన కోపం కాదు. కోపం చెంచుల ఇళ్ళని కూల్చింది. సొంత ఇంటిని కూల్చింది అందరూ మెచ్చుకునే గుణం: ఎవరినీ కాదనలేకపోవడం, విరిగినచోట సరిచేయకుండా కొత్తది మొదలుపెట్టడం. కోట నచ్చకపోతే ఇంకో కోట కట్టొచ్చు. కొడుకు ఉండగా ఇంకో కొడుకుని తెచ్చుకుంటే మాత్రం మొదటివాడు చింతపల్లిలా వెనక ఉండిపోడు. పక్క గదిలోనే ఉంటాడు.

ఈ మాట నేను పుస్తకాల వల్ల కాదు, మా తాతయ్య వల్ల అంటున్నాను. మాది నందిగామ దగ్గర పల్లెటూరు. సాగర్ కాలవ కింద మిర్చి, పత్తి వేస్తాం. మా తాతయ్య చేతికి ఎముక లేదు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా, చావయినా ఆయన జేబు ముందు ఖాళీ అవుతుంది. ఊరంతా దేవుడంటారు. ఆ దేవుడు కాలవ పక్కన ఉన్న రెండెకరాల చెక్క నీకేరా అని మా నాన్నకి చెప్పాడు. కొన్నేళ్ళ తర్వాత అదే చెక్క బాబాయికీ చెప్పాడు. అబద్ధమాడాలని కాదు. ఆ క్షణంలో ఎదురుగా ఉన్న కొడుకు మొహం చిన్నబోతే చూడలేడు. ఇద్దరూ ఆ మాట నమ్ముకున్నారు. బాబాయి అక్కడ బోరు కూడా వేయించాడు. ఆ తర్వాత మూడు సంక్రాంతులు మా నాన్న, బాబాయి ఎదురుపడినా పలకరించుకోలేదు. పిన్ని వండిన అరిసెలు గోడ మీద నుంచి మా నానమ్మ చేతికి వచ్చేవి.

అందరూ తాతయ్యని మార్చాలని చూశారు. ఒకసారి గట్టిగా చెప్పండి, ఒకరికి లేదని అనండి అని. 78 ఏళ్ళ మనిషి, ఎన్నడూ ఎవరికీ లేదని చెప్పనివాడు, కన్నకొడుకుతో ఎలా చెబుతాడు? ఎవరు ఒంటరిగా వెళ్ళి అడిగినా వాళ్ళకి సరేననేవాడు. గొడవ ఇంకా పెరిగేది.

గోపురం కథ

ఇక్కడే నాకు మంగళగిరి గోపురం కథ పనికొచ్చింది. కట్టడం పూర్తయ్యాక ఆ గోపురం ఒక పక్కకి ఒరిగిందట. కంచి నుంచి వచ్చిన శిల్పులు గోపురాన్ని ముట్టుకోవద్దని, ఎదురుగా కోనేరు తవ్వమని చెప్పారట. తవ్వాక గోపురం నిటారుగా నిలబడిందని చెబుతారు. ఇది జనం చెప్పుకునే కథ. అయితే మన సివిల్ బ్రాంచి వాళ్ళకి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. ఇటలీలో పీసా గోపురం దక్షిణానికి మరీ ఒరిగిపోతోందని 1990లో మూసేశారు. దాన్ని తాళ్ళు కట్టి లాగలేదు. ఉత్తరం వైపు పునాది కింద మట్టిని కొద్దికొద్దిగా తీశారు. అటువైపు నేల కుంగి, గోపురం దాదాపు అయిదున్నర డిగ్రీల ఒంపు నుంచి నాలుగు డిగ్రీలకి వచ్చింది. 2001లో మళ్ళీ తెరిచారు. గమనించండి, నిటారుగా నిలబెట్టలేదు. పడిపోకుండా ఉండేంత వరకే సరిచేశారు.

స్వభావం గోపురం లాంటిది. 78 ఏళ్ళు నిలబడ్డదాన్ని పట్టుకుని వంచితే విరుగుతుంది. చుట్టూ ఉన్న నేలని మార్చాలి. మేం చేసింది అంతే. తాతయ్యని ఒంటరిగా ఎవరూ ఏదీ అడగకూడదని నానమ్మ చేత ఇంట్లో కట్టడి పెట్టించాం. మాట ఏదైనా ఇద్దరు కొడుకులూ ఎదురుగా ఉన్నప్పుడే. ఒకరి మొహమే ఎదురుగా ఉంటే ఆయన కరిగిపోతాడు. రెండు మొహాలూ ఒకేసారి కనిపిస్తే ఆయనకీ లెక్క కనిపిస్తుంది. మొన్న దసరా సెలవుల్లో నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి కాగితం రాయించాం. కాలవ చెక్క, బోరు బాబాయికి. దానికి బదులు ఊరి వైపు చేను, పశువుల కొష్టం నాన్నకి. తాతయ్య రాసుకున్నంతసేపూ ఏమీ మాట్లాడలేదు. సంతకం చేసి కళ్ళు తుడుచుకున్నాడు.

నాన్నకి, బాబాయికి మధ్య అంతా బాగైపోయిందని నేననను. పీసా లెక్కలో చెప్పాలంటే ఇంకా నాలుగు డిగ్రీలుంది. కానీ ఈసారి మిర్చికి మందు కొట్టే పంపు ఒకటే కొన్నారు. వంతులేసుకుని వాడుకుంటున్నారు.

వెంకటాద్రి నాయుడికి అలాంటి కట్టడి పెట్టేవాళ్ళు లేరు. అంత పెద్ద జమీలో ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళు ఎవరుంటారు? పెంచిన చేతులు పోయాయి, కన్నవాళ్ళు ఊరి పేర్లయ్యారు, చుట్టూ ఉన్నవాళ్ళంతా పుచ్చుకునేవాళ్ళే. పుచ్చుకునేవాళ్ళు ఇచ్చేవాడి చెయ్యి పట్టుకుని ఆపరు. ఆ పని చెయ్యగలిగేది దగ్గరివాళ్ళే. దగ్గరి బంధం ఉండేదే అందుకేమో.

మన ఇళ్ళల్లో కూడా ఒక వెంకటాద్రి ఉంటాడు. నాన్నో, అమ్మో, మేనమామో. మనమే కూడా కావచ్చు. వాళ్ళ మంచితనాన్ని తప్పుపట్టక్కర్లేదు. ఒకే మాట ఇద్దరికి ఇచ్చేలోపు ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే చాలు. ఆయన 1816లోపు ఆ ఒక్క పని చేసి ఉంటే ఆ 30 ఏళ్ళ వ్యాజ్యం ఉండేది కాదు. అన్నదమ్ములుగా పెరగాల్సిన జగన్నాథబాబు, రామనాథబాబు పేర్లు మనకి దావా కాగితాల్లోంచి తెలిసేవి కావు.